ఇనుప మెట్ల మీద పెళ్ళికూతురు

"అక్కా, కాస్త జరుగు. నా ఫొటోలో పడుతున్నావు," అంది నా తోడికోడలు, మెట్ల పక్కనున్న తుప్పుపట్టిన యంత్రం మీదికెక్కి.

నాకు ఒళ్ళు మండింది. దానికి కెమెరా పట్టుకోవడం నేర్పిందే నేను. ఇప్పుడు, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే ఈ పాత ఫ్యాక్టరీలో, అందరూ దాని వైపు తిరిగే నవ్వుతున్నారు.

"అక్కడ వెలుతురు లేదే," అన్నాను.

"ఉందక్కా. పైన అద్దం పగిలినచోట చూడు."

చూశాను. నిజంగానే ఉంది. కడుపుమంట ఇంకాస్త పెరిగింది.

ఇంతలో పెళ్ళికూతురు ఇనుప మెట్లు దిగడం మొదలుపెట్టింది. నేను ఆగకుండా తీస్తూనే ఉన్నాను. కిందికి రాగానే ఆ పిల్ల నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది.

"చూపించండి ఆంటీ!"

గర్వంగా కెమెరా తిప్పి చూపించాను.

"అయ్యో, నేను మసగ్గా ఉన్నానేంటి?"

ఒక్కొక్కటే ముందుకు జరిపాను. అన్నిట్లోనూ పెళ్ళికూతురు మసకే. ఆమె వెనక, యంత్రం మీద పెదవి కొరుక్కుంటూ వంగిన నా తోడికోడలు మాత్రం కనురెప్పల వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది.

"నా దగ్గర బాగా వచ్చాయిలేమ్మా, తర్వాత చూద్దువుగాని," అని తోడికోడలు పెళ్ళికూతుర్ని పంపేసి, నా కెమెరాలోకి తొంగిచూసింది. నేను గబుక్కున చెరిపెయ్యబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉంచక్కా, మా అమ్మకి పంపుతాను. మనింట్లో నన్నింత శ్రద్ధగా ఎవరూ చూడలేదు."