పడవలో చెప్పులు

"ముగ్గురన్నా లేకపోతే పడవ తియ్యనక్కా," అన్నాడు పడవవాడు.

టైలరమ్మకు ఒళ్ళు మండింది.

నెల రోజులుగా వేసిన ప్లాను. పొద్దున్నే సైకిళ్ళ మీద రిజర్వాయరు దాకా రావడం, గట్టెక్కి లకుముకిపిట్టల్నీ నీటికోళ్ళనీ చూడటం, సాయంత్రం పడవలో అవతలి ఒడ్డుకు వెళ్ళడం. అక్కడ గులాబీ కొంగలు వాలతాయి. పొద్దు గుంకితే లేచిపోతాయి.

ఆమె కుట్టుమిషను ఎదురుగా గోడ మీద పాత క్యాలెండరు బొమ్మలో ఉంటాయవి. ఊరందరి బట్టలూ కుడుతూ ఎన్నేళ్ళుగా వాటిని చూస్తోందో! ఒక్కసారి నిజంగా, రెక్కలు విప్పగా చూడాలి. అంతే ఆమె కోరిక.

"అంత ప్లాను కుట్టావు, మూడో మనిషిని అతకడం మర్చిపోయావు," అన్నాడు భర్త.

అప్పుడే మలుపులోంచి సైకిలు బెల్లు వినిపించింది. దారిలో నరమానవుడు లేకపోయినా బెల్లు కొట్టుకుంటూ ఓ పెద్దాయన వచ్చి దిగాడు.

"నేనొస్తాను తల్లీ."

దేవుడిలా వచ్చాడనుకుంది టైలరమ్మ. ఆ ముచ్చట నీళ్ళ నడుమ దాకానే.

అక్కడికి రాగానే పెద్దాయన చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"ఒక్క నిమిషం ఆపు బాబూ."

పడవ ఆగింది. ఆయన తల వంచి నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏముందండీ అక్కడ?"

"ఏముందమ్మా, నీళ్ళే."

నీళ్ళు చూడటానికి పడవ ఆపాలా! సూర్యుడు అప్పటికే కొండను తాకుతున్నాడు.

"మీ నీళ్ళెక్కడికీ పోవు పెద్దాయనా! నా కొంగలు పోతాయి. పోనియ్ తమ్ముడూ!"

ఆయన నొచ్చుకోలేదు.

"అవునవును, పోనియ్ బాబూ," అన్నాడు.

అవతలి ఒడ్డు చేరుతుండగా గుంపంతా ఒక్కసారి లేచింది. క్యాలెండరులో రంగు ఎంత వెలిసిపోయిందో ఆమెకు అప్పుడు తెలిసింది. కళ్ళు నిండిపోయాయి.

"చూశావా తల్లీ? బాగా చూశావా?" ఆమె కంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు.

తిరిగొస్తుంటే అడిగాడు. "మీ ఊళ్ళో కుళాయిలు సరిగ్గా వస్తున్నాయా?"

ఇదేం ప్రశ్న అనుకుంది. "రెండు పూటలా వస్తాయండీ."

"మంచిది తల్లీ," అన్నాడు, ఎంతో తృప్తిగా.

ఒడ్డు చేరగానే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"ఎవరు తమ్ముడూ ఆయన? కాస్త తిక్క మనిషిలా ఉన్నాడు."

పడవవాడు తాడు కడుతూ చెప్పాడు.

"ఈ నీళ్ళ కింద ఓ ఊరుండేదక్కా. మీ ఊరికి తాగునీళ్ళ కోసం ముంచేశారు. అందరూ కదిలేది లేదని మొండికేస్తే, మీ ఊళ్ళో పిల్లల గొంతులు ఎండిపోతున్నాయని ముందుగా ఇల్లు వదిలింది ఆయనే. ఆ మలుపులో బెల్లు కొడితే వాళ్ళమ్మ తలుపు తీసేదట. ఏటా వస్తాడు. ఇక కాళ్ళు సాగడం లేదు, ఇదే ఆఖరుసారి అన్నాడు."

టైలరమ్మ "పెద్దాయనా!" అని అరుస్తూ దారి మీదికి పరిగెత్తింది.

మలుపు ఖాళీగా ఉంది.

మెల్లగా వెనక్కి వచ్చింది. అడగడానికి భయపడుతూనే అడిగింది.

"మరి పడవలో ఆ చెప్పులెందుకు విప్పాడు?"

"సొంతింట్లోకి ఎవరైనా చెప్పులతో వెళ్తారా అక్కా?"