ఎర్రగా వెలిగిన పట్టీ

ఇప్పుడు సీమంతం నాడు ముందుగా చూసేది గర్భిణి చేతికున్న పట్టీనే. కడుపులో బిడ్డకు లోపం కనబడితే అది ఎర్రగా వెలిగి, ఆ లోపమేంటో చూపిస్తుంది. ఆ బిడ్డను ఉంచుకోవాలో వద్దో ఇంటివాళ్లు ఆరోజే తేల్చాలి.

పొద్దున్నే ఎర్రబడిన పట్టీని నీలవేణి పమిట చాటున దాచుకుంది. గాజులు తొడగడానికి అత్తగారు తులశమ్మ ఆ చేయి లాగింది. ఎర్రటి వెలుగు పేరంటాళ్లందరికీ కనబడింది.

"నత్తి వస్తుందంటండీ, అత్తయ్యగారూ," అంది నీలవేణి.

"నత్తేనా! హడలగొట్టేశావు కదే. నన్ను చేసుకుంటానని చెప్పడానికి మీ మామయ్యకి పూటంతా పట్టింది. మధ్యలో లేచి వెళ్లానా?" అంటూ తులశమ్మ మొదటి గాజు ఎక్కించింది.

"వె... వె... వెళ్లలేదు," అన్నాడు మామగారు వాకిట్లోంచి.

పేరంటాళ్లు గొల్లుమన్నారు. నీలవేణి కళ్లు తుడుచుకుని, రెండో చేయి కూడా చాచింది.