వంతెన దగ్గరి గుంత

మబ్బు టైర్లనే మెత్తని టైర్లు వచ్చాక బొబ్బిలి రోడ్డులో గుంతలు ఉన్నచోటే ఉన్నాయి గానీ, కార్లో ఒక్కటీ తెలియడం లేదు. తోడేసి కార్లో పెట్టిన పాలు కదలకుండా దారిలోనే కత్తితో కోసేటంత గట్టి పెరుగవుతున్నాయి. భార్య పారమ్మ నడుంనొప్పి చూడలేక గౌరునాయుడూ అవే వేయించాడు.

తన చెల్లెలింట పెళ్లికి తీసుకెళ్లలేదని అలిగి, పారమ్మ నెలరోజులుగా అతనితో మాట్లాడటం లేదు. నాయుడి ఆశంతా వంతెన దగ్గరి పెద్ద గుంత మీదే. నలభై ఏళ్లుగా అక్కడికి రాగానే ఆమె అతని భుజం పట్టుకుని, "ఓలమ్మో, సంపేత్తావేటయ్యా!" అని తిట్టేది.

ఇవాళ కావాలనే కారును అందులోకి దించాడు.

"గుంతొస్తంది, పట్టుకోయే! నడుమిరిగితే మళ్లీ నన్ననకు!"

పారమ్మ చెయ్యి అలవాటుగా లేచింది. కారు కుదుపన్నదే లేకుండా గుంత దాటేసింది. లేచిన చెయ్యి అతని భుజం దాకా రాకుండానే ఒళ్లోకి వెళ్లిపోయింది.

ఆ టైర్లకు ఇంకా పదిహేనేళ్ల గ్యారంటీ ఉంది.