తాళంచెవి

“వేలు ఎటు వంగి ఉంటుందని అడుగుతున్నాడు,” అన్నాడు తాళంచెవి.

“బయటికి,” అన్నాడు వచ్చినాయన, తన ఎడమచేతి చిటికెనవేలు పక్కకి లాగి చూపిస్తూ. “చిన్నప్పుడు తలుపు సందులో పడింది. సరిగ్గా అతుక్కోలేదు.”

రొయ్యలు ఒలిచే షెడ్డు మేస్త్రీ ఆ వేలు చూశాడు, ఫొటో చూశాడు, వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పాడు. తాళంచెవి మొహం వెలిగిపోయింది.

“దొరికిందండీ మీ చెల్లెలు! పనిలో వేసుకునే రబ్బరు తొడుగులోకి ఆ వేలు దూరదట. తొడుగులో ఆ వేలి చోటొక్కటీ ఖాళీగా వేలాడుతుంటుందట. పేరు మార్చి చెప్పింది కానీ మనిషి మాత్రం ఆవిడే. ఇవాళ పనిలోకి రాలేదు. గది ఈ వెనక వీధిలోనేనట.”

వచ్చినాయన ఆ తడి నేల మీదే చతికిలబడి ఏడ్చేశాడు.

తాళంచెవిని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ముప్ఫై ఏళ్ళ క్రితం సముద్రం దాటి వచ్చి, రేవులో మూటలు మోసిన మనిషి. ఇప్పుడు పోలీసుస్టేషన్ మొదలుకొని ఆస్పత్రి దాకా ఆయనకి తెరుచుకోని తలుపు లేదు. అందుకే మనవాళ్ళు ఆ పేరు పెట్టారు. అది వింటే ఆయన కాస్త ఉబ్బిపోతాడు కూడా. ఉబ్బనివ్వండి, పదిమందికి పని చేసిపెట్టేవాడికి ఆ మాత్రం సరదా ఉండకూడదా?

మూడు రోజుల క్రితం ఎవరో నంబరిస్తే ఈ వచ్చినాయన తాళంచెవిని వెతుక్కుంటూ వచ్చాడు. బావ యాక్సిడెంట్‌లో పోయాడనీ, ఆ దిగులుతో చెల్లెలు రెండేళ్ళ క్రితం చెప్పాపెట్టకుండా దేశం దాటేసిందనీ, మంచం పట్టిన అమ్మ కూతుర్నే కలవరిస్తోందనీ చెప్పాడు. ఇక తిరుగు విమానానికి ఒక్క రోజే ఉంది. తెచ్చిన ఫొటోలో చెల్లెలి పక్కన ఎవరిదో భుజం ఒక్కటే మిగిలింది.

“మా బావది. చూడలేక కత్తిరించేశాం,” అన్నాడు.

ఆ పూట అన్నం వడ్డిస్తూ తాళంచెవి భార్య ఒకే ఒక్క మాట అడిగింది. “రెండేళ్ళలో అమ్మకి ఒక్క ఫోనైనా చెయ్యలేదా బాబూ?”

“పంతం మనిషండీ. చిన్నప్పట్నుంచీ అంతే.”

“అమ్మ మీద కూడానా!”

“నీకన్నీ అనుమానాలే,” అని భర్త కసిరాడు.

ఆయన బాధ ఆయనది. మూటలు మోసే రోజుల్లో సొంత చెల్లెలు పోతే కడసారి చూపుకి కూడా వెళ్ళలేకపోయాడు. ఎదుటివాడు ‘మా చెల్లి’ అన్నప్పుడల్లా ఆయనకి ఆ చెల్లెలే గుర్తొచ్చేది. మూడు రోజులు సొంత పనులన్నీ పక్కన పడేసి, ఆ ఉక్కలో, ఆ ఉప్పుగాలిలో కాళ్ళరిగేలా తిరిగింది అందుకే.

వెనక వీధి ఇల్లు మూడంతస్తులది. మెట్ల కింద కూర్చున్న ఇంటావిడ తాళంచెవిని చూడగానే లేచి నిలబడింది. ఆమె చెప్పింది విని ఆయన నవ్వాడు.

“ఎవరొచ్చినా తలుపు తియ్యదట. ఈవిడకైనా కిటికీ సందులోంచి చూశాకే తీస్తుందట. ఒంటరి ఆడమనిషి, జాగ్రత్త మంచిదే.”

“వెనకనించి ఇంకో దారేమైనా ఉందేమో అడగండి,” అన్నాడు వచ్చినాయన. “నన్ను చూసి సిగ్గుతో పారిపోయినా పారిపోతుంది.”

లేదని తెలిసింది. తుప్పు పట్టిన కమ్మీ పట్టుకుని ఇద్దరూ పైకెక్కారు. గది ముందు వచ్చినాయన ఆగిపోయి, గొంతు తగ్గించాడు.

“మీరే పిలవండి. నా గొంతు వింటే బిగుసుకుపోతుంది. నేనిలా గోడ పక్కన ఉంటాను.”

తాళంచెవి తలుపు తట్టాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“అమ్మా, తలుపు తియ్యమ్మా. నేను తాళంచెవిని. భయపడకు, మనవాళ్ళమే.”

తర్వాత కిటికీ రెక్క కొద్దిగా కదిలింది.

“నిజంగా మీరేనా బాబాయిగారూ? షెడ్డులో మీ గురించి చెబుతుంటారు. ఏ కష్టమొచ్చినా మీ దగ్గరికి వెళ్ళమంటారు.”

“నేనేనమ్మా. నీకో మంచి కబురు తెచ్చాను.”

గడియ తీసిన చప్పుడయింది. ఇంకో గడియ. కింద మూడోది. తలుపు బెత్తెడు తెరుచుకుందో లేదో, వచ్చినాయన ఆయన్ని రాసుకుంటూ లోపలికి దూరిపోయాడు. వెనకే తలుపు మూసుకుంది. గడియ పడింది.

పాపం, ఎంత ఆత్రమో అనుకున్నాడు తాళంచెవి. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. కిందికి వెళ్ళిపోదామనుకుని కూడా వెళ్ళలేకపోయాడు. ‘అన్నయ్యా’ అన్న పిలుపు ఒక్కసారి చెవిన పడితే చాలు, ఇన్నేళ్ళ బరువు కొంతైనా దిగుతుందనిపించింది. సిగ్గుపడుతూనే తలుపుకి చెవి ఆనించాడు.

లోపల ఏదో గిన్నె దొర్లింది. ఆ వెంటనే ఆమె గొంతు వినపడింది.

“ఏమండీ, ఈ చెయ్యి కూడా విరవకండీ!”