శ్రీశైలమ్మ మడికి టోపీ

“కూలి వద్దు. కడుపునిండా అన్నం పెట్టించు, చాలు,” అన్నాడు టోపీ ఆయన.

ఓబులయ్యకు పకోడీ గొంతులో ఆగినంత పనయింది. కంభం స్టేషను పక్క హోటల్లో ఊరికే కూర్చున్న ఈ పెద్దమనిషిని చూడగానే అతనికి ఉపాయం తట్టి, చిన్న పనుంది, కూలిస్తానన్నాడు. ఎగువన వరసకు వదినయ్యే శ్రీశైలమ్మ చేను నీళ్ళలో ఈదుతోంది. దిగువన తన నారుమడి ఎండుతోంది. ఆమేమో మడి కట్టుకున్నంత నిష్ఠగా మడికి గట్టు కట్టుకుని కూర్చుంది.

“వ్యవసాయ శాఖ దొర ఏషం ఎయ్యి సామీ. టోపీ పెట్టుకున్నోనితోనే టోపీ పెట్టియ్యాల. నీళ్ళు ఇడిసిపెట్టమని నోటికొచ్చింది చెప్పు. ఆమె వింటాది.”

“వింటుందా? నిజంగా?” ఆయన కళ్ళు మెరిశాయి. “పేరేం చెప్పను?”

“నీదే చెప్పు. ఎవరికి తెలుసు?”

“రంగనాయకులు.”

మిగిలిన పకోడీలను ఓబులయ్య అచ్చుకాగితం పొట్లంతో సహా రొంటిన దోపుకున్నాడు. అది చూసి రంగనాయకులు నిట్టూర్చాడు. ఆకలి కాబోలనుకున్నాడు ఓబులయ్య.

చేలో రంగనాయకులు కర్ర గుచ్చగానే బురదలోంచి బుడగలు బుడబుడా లేచాయి. గుప్పుమని వాసన.

“కోతయ్యాక మిగిలిన కొయ్యకాళ్ళు దున్ని, వెంటనే నీళ్ళు నిలగట్టి నాటావా అమ్మా?”

“అవు సామీ. ఎరువైతాదని.”

“నీళ్ళ కింద గాలాడదు. గాలాడకపోతే కొయ్యకాళ్ళు తొందరగా కుళ్ళవు, పులుస్తాయి. ఇదిగో!” ఒక మొక్క పీకి నల్లబడ్డ వేళ్ళు చూపించాడు. “నీళ్ళు తీసి వారం ఆరబెట్టు.”

శ్రీశైలమ్మ పార అందుకుంది. అబద్ధానికి వేళ్ళు కూడా మొలిపించాడే అని ఓబులయ్య మీసాల్లో నవ్వుకుంటూ, కాలవ సరిచేయడానికి వంగాడు.

తిరుగుదారిలో రంగనాయకులు అన్నాడు. “ఇక నీ నారు బతుకుతుందిలే. నీ చేను మాత్రం తడిపి దున్ని, కొయ్యకాళ్ళు కుళ్ళేదాకా నీళ్ళు నిలవకుండా మూడు వారాలు ఆగి నాటు.”

“నాకాడ గూడా ఏషమేనా సామీ?” ఓబులయ్య పగలబడి నవ్వాడు. ఆ వారమే దున్ని, నిండా నీళ్ళు పెట్టి నాటేశాడు.

నెల తిరిగేసరికి శ్రీశైలమ్మ చేను చిలకపచ్చ. ఓబులయ్య చేను పసుపు ముద్ద.

“ఏంది మరిదీ, చేనుకు పెండ్లి చేస్తాండావా? అంత పసుపు పూసినావు! ఆ దొరను మళ్ళా పిలిపియ్యి.”

“దొరా లేదు, గిరా లేదు వదినా! హోటల్లో దొరికిన ఏషగాడు!” ఉక్రోషంలో ఓబులయ్య నిజం కక్కేశాడు.

శ్రీశైలమ్మ కొంగుముడి విప్పి జిడ్డు కాగితం తీసింది. “ఆ పొద్దు నీ రొంటిలోంచి గెనిమ గట్టు మీద పడింది. నాకు నాలుగక్షరాలు వచ్చులే. ఆయన చెప్పిన మాటలే ఇందులో ఉండాయి.”

“యాడో చదివి అప్పజెప్పినాడు, దొంగ! ఎవరు రాసినారంట?”

ఆమె నూనె మరక కింద వేలు పెట్టి కూడబలుక్కుంది.

“ఇట్లు, రంగనాయకులు, వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరు.”