ఎనిమిదో గొట్టం

జూన్ పద్నాలుగు, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు కన్నన్ ఎనిమిది గాజు గొట్టాలు బల్ల మీద పెట్టాడు. అన్నిటిలోనూ మన్ను. ఒకటి నుంచి ఏడు వరకు తోటల యజమానుల పేర్లు అంటించి ఉన్నాయి. ఎనిమిదో దాని మీద అంకె ఒక్కటే ఉంది.

కోయంబత్తూరులో గాంధీపురం బస్టాండుకు రెండు వీధుల అవతల ఉన్న పరీక్షశాల అది. అక్కడ పనిచేసే కృత్తిక, అతను గొట్టాలను తెలుగులో లెక్కపెట్టడం విని తనూ తెలుగులోనే అడిగింది.

“దీనికి పేరు లేదే సార్?”

“ఫలితం వచ్చినంక చెప్తాను.”

కన్నన్‌ది మదురై, ఇంటి భాష తెలుగు. యాభై రెండేళ్లు. ఒక విత్తనాల కంపెనీ తరఫున తోటలు చూసి వస్తాడు. భార్య పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. చిన్నమనూరు వైపు పనిచేసి జనవరిలో ఒట్టన్‌చత్రానికి మారాడు. మార్కెట్ వెనక మేడ మీద గది తీసుకున్నాడు. అతను తప్ప ఆ గదిలో ఇంకొకరు అడుగు పెట్టలేదు. శనివారం సాయంత్రం తలుపు వేసుకుంటే సోమవారం ఉదయం దాకా ఎవరితోనూ మాట ఉండేది కాదు.

ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఏడు తెలుగు కుటుంబాలు టమాటా తోటలు వేస్తాయి. కంపెనీ నెలకోసారి వెళ్లమంది. కన్నన్ వారానికి మూడుసార్లు వెళ్లేవాడు. దారిలో మొదటిది అప్పసామి తోట. అతని భార్య అంగమ్మాళ్ కాఫీ ఇచ్చి, కోడలి మీద ఫిర్యాదులు చెప్పేది. కన్నన్ గ్లాసు ఖాళీ చేయడానికి అరగంట తీసుకునేవాడు. తర్వాత మిగతా ఆరు తోటలూ తిరిగేవాడు.

ఆ తోటల్లో చెప్పులతో ఎవరూ నడవరు. భూమి తల్లి అని గట్టు మీదే విడుస్తారు. మొదటిరోజు కన్నన్ బూట్లు విప్పబోతే అంగమ్మాళ్ ఆపింది. ముల్లు గుచ్చుకుంటే పాపం మాకు, మీరు చుట్టం కదా సార్ అంది. మిగతా ఇళ్లవాళ్లూ అదే మర్యాద చేశారు.

ఏప్రిల్ ఆఖరులో అప్పసామి మొక్కలు వాడాయి. ఆకు పచ్చగానే ఉండి తల వాల్చేది. కాండం కోసి నీళ్ల గ్లాసులో పెడితే పాల దారంలాంటిది కిందికి దిగింది. దానికి మందు లేదు. మే నెలలో మిగతా ఆరు తోటలూ వాడాయి. ఆ ఏడాది అందరూ ఇంట్లోనే నారు పోసుకున్నారు. అప్పసామి ఒక్కడే బయట కొన్నాడు. తెగులు అతని నారుతోనే వచ్చిందని వాళ్లలో పెద్దవాడు రాధాకృష్ణన్ తేల్చాడు.

కోతలకు ఒకరి తోటకు ఒకరు వెళ్లడం అక్కడి పద్ధతి. మిగిలిన కాయ కోయడానికి అప్పసామి తోటకు ఎవరూ రాలేదు. అతనూ భార్యా కోసినంత కోశారు. తక్కినది నేల పాలయింది. ఏడు తోటలకూ బావి ఒకటే. రాబోయే జూన్ ముప్పై, ఆదివారం బావి దగ్గర కూర్చుని అప్పసామి నీటి వంతు తీసేయాలని మిగతావాళ్లు అనుకున్నారు. నీళ్లు పోతే అతనికి తోట అమ్ముకోవడం తప్ప దారి లేదు.

రుజువు లేకుండా అంత పని చేయొద్దని కన్నన్ అడ్డుపడ్డాడు.

“అయితే మీరే తీసుకురండి సార్. మీ మాట తోసేసేవాడు ఈడ ఎవడున్నాడు?” అన్నాడు రాధాకృష్ణన్.

కన్నన్ తోటల్లోకి దిగలేదు. ఎవరి మన్ను వాళ్లనే రోడ్డు మీదికి తెమ్మన్నాడు.

గొట్టాలు ఇచ్చిన పది రోజులకు కృత్తిక ఫోన్ చేసింది. కాగితం పంపిస్తానంది. వద్దని కన్నన్ బస్సెక్కి వెళ్లాడు.

“ఎనిమిదింట్లోనూ అదే తెగులు బాక్టీరియా సార్.”

ఎలా తెలిసిందని అడిగితే చెప్పింది. ప్రతి బాక్టీరియాలోనూ ప్రొటీన్లు తయారుచేసే యంత్రం ఉంటుంది. పేరు రైబోజోమ్. అది చెడితే ఆ జీవికి బతుకు లేదు. అందుకే దాని ఆర్‌ఎన్‌ఏ జన్యువు కోట్ల ఏళ్లయినా పెద్దగా మారదు. పెరుగులో ఉండే దానికీ మన్నులో ఉండే దానికీ చాలా భాగం ఒకటే. మారిన కొద్ది చోట్లు చదివితే ఏది ఏ గుంపుదో తేలుతుంది.

“మా అవ్వ తెలుగు మాదిరి” అంది. “చుట్టూ తమిళం ఉన్నా, మూలం కదల్లేదు.”

కన్నన్ నవ్వాడు. “ఎవరి నుంచి ఎవరికి పోయిందో తెలుస్తుందా అమ్మా?”

“లేదు సార్. ఇది కులం చెప్తుంది, ఇల్లు చెప్పదు. ఎవరు మోసినారో మీరు మనుషుల్నే అడగాల.”

కాగితం జేబులో పెట్టుకున్నాక కూడా కన్నన్ కాసేపు కూర్చున్నాడు. ఆమె ఇంకో పని మొదలుపెట్టాక లేచాడు.

ముప్పయ్యో తేదీ, ఆదివారం ఉదయం తొమ్మిదికి అందరూ బావి దగ్గర చేరారు. అప్పసామి విడిగా నిలబడ్డాడు. అంగమ్మాళ్ కాఫీ తెచ్చింది. వేరే ఎవరూ తీసుకోలేదు. కన్నన్ గ్లాసు అందుకుని, తాగకుండా బావి గోడ మీద పెట్టాడు. కాగితం చదివాడు. ఏడు తోటల మన్నులోనూ ఒకటే తెగులు. ఎనిమిదో గొట్టంలోనూ అదే.

“ఎవడు తెచ్చినాడని రాసుండాది?” అన్నాడు రాధాకృష్ణన్.

ఈ పరీక్ష అది చెప్పదన్నాడు కన్నన్.

“మేముండేది ఏడు ఇండ్లు. ఎనిమిదోది యాడిది సార్? వాడి నారుమడిదా?”

అందరూ అప్పసామి వైపు చూశారు. తను ఒక్క గొట్టమే ఇచ్చానన్నాడు అప్పసామి. కన్నన్ కాగితం మడిచాడు.

“నా గది గుమ్మంలోది, బూట్లు దులిపిన మన్ను” అన్నాడు.