రాజుగారి చిగుళ్లు

అప్పలస్వామి నోరు తెరిచాడు. డాక్టర్ వేణుగోపాల్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"గుడాఖు ఎన్నాళ్లుగా తోముతున్నారు బాబాయ్?"

"బిలాసపూర్ వచ్చిన కాణ్ణుంచీ. ఇక్కడోళ్లందరూ తోముతారు గదా."

"ఆ పొగాకు ముద్దే మీ చిగుళ్లని తినేసింది."

అప్పలస్వామి లోకో షెడ్డులో ఫిట్టరు. వేణుగోపాల్ అదే షెడ్డులో పనిచేసే బంగార్రాజు కొడుకు. నాగ్‌పూర్‌లో పళ్ల డాక్టరు చదివి వచ్చి, బుధవారీ బజార్ దగ్గర క్లినిక్ తెరిచాడు.

అప్పలస్వామికి ముందు పళ్లు నాలుగు లేవు. మిగిలినవి ఉన్నాయి గానీ, ఫ్యాను వేస్తే ఊగుతున్నాయి.

"ఎముకలోకి మేకు దించి పన్ను బిగించేస్తన్నారంట గదా. నాకూ అలాగే బిగించీ బాబూ. దసరాకల్లా అయిపోవాల."

రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఏటా దసరాకి తెలుగువాళ్లు పద్యనాటకం వేస్తారు. పెళ్లికాని రోజుల నుంచీ అందులో మహారాజు అప్పలస్వామే. ఏడాదంతా ఇంజను కింద పడుకుని నట్లు బిగించే మనిషిని ఆ ఒక్కరోజు పెద్ద ఆఫీసర్లు కూడా "మహారాజా" అని పిలుస్తారు.

కిందటేడు తీసిపెట్టుకునే పళ్లతో వేషం కట్టాడు. యుద్ధానికి బయల్దేరే పద్యంలో రాగం పైకి వెళ్లేసరికి, రాజు కంటే ముందు పళ్లు బయల్దేరాయి. వెళ్లి హార్మోనియం మెట్ల మీద పడ్డాయి. జనం వన్స్‌మోర్ అన్నారు.

దాంతో నాటకం ఆడించే చిన్నారావు ఈసారి తెగేసి చెప్పాడు. పళ్లు కదలకుండా ఉంటేనే వేషం. లేదంటే ఇంకొకడికి.

"ఎవుడికిస్తాడు?" అప్పలస్వామి కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మన కాలనీ కుర్రాళ్లకి తెలుగు సదవడం వచ్చేడిస్తే గదా, పద్యాలు నేర్సుకోడానికి!"

నవ్వుతో పాటు చిగుళ్లలోంచి కాస్త రక్తం వచ్చింది. డాక్టరు దూదితో తుడిచాడు.

"కుళ్లిన చెక్కలో స్క్రూ నిలుస్తుందా బాబాయ్? మీరు ఫిట్టరు, మీరే చెప్పండి."

అప్పలస్వామి ఆలోచించాడు. "నిలవదు."

"అచ్ఛా. ముందు చీము పోవాలి. పాచి గీకాలి. చిగుళ్లు గట్టిపడాలి. గుడాఖు మానాలి. అప్పుడే పళ్లు."

అప్పలస్వామి ఆ సాయంత్రమే గుడాఖు డబ్బా కాలవలో పారేశాడు. భార్య కనకం నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"పెళ్లాం సెప్తే మానలేదు. బంగార్రాజు కొడుకు సెప్తే మానేసినావా?"

"నువ్వు నన్ను రాజుని సేస్తావేటి?"

ఆదివారం ఆదివారం క్లినిక్కుకి వెళ్లేవాడు. పాచి గీకడం అయ్యాక డాక్టరు చిన్న అద్దం పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు.

"ఒక పద్యం పాడండి బాబాయ్. గాలి ఎక్కణ్ణుంచి పోతోందో చూడాలి."

అప్పలస్వామి సంచీలోంచి పద్యాల పుస్తకం తీసి ఇచ్చాడు. "ఇది సూస్తా విను. ఎక్కడ తప్పిందో తెలుస్తాది."

"నాదీ హిందీ మీడియమే బాబాయ్. మీరు పాడితేనే నాకు తెలిసేది."

అప్పలస్వామి పాడాడు. సింహాసనం అన్నచోట అద్దం తడిసిపోయింది.

"మళ్లీ పాడండి. ఈసారి చెయ్యి ఎత్తి. మెడ నరం చిగురుని లాగుతోందేమో చూడాలి."

అప్పలస్వామి లేచి నిలబడి, చెయ్యెత్తి, గొంతెత్తాడు. లోపల్నుంచి వచ్చే ఆ కేకలు విని, బయట బెంచీ మీద రోగులు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. పన్ను పీకించుకోవడానికి గతౌరా నుంచి వచ్చిన ముసలాయన, నొప్పి దానంతటదే తగ్గిపోయిందని చెప్పి స్టేషను దారి పట్టాడు.

డాక్టరు పట్టించుకోలేదు. ఫీజు కూడా పుచ్చుకోలేదు.

"కొడుకంటే అలాటోడుండాల" అని అప్పలస్వామి షెడ్డంతా చాటాడు.

వానలు వెనకబట్టేసరికి చిగుళ్ల వాపు తగ్గింది. నోటి వాసన పోయింది. కనకం ఇప్పుడు దగ్గరగా కూర్చుని మాట్లాడుతోంది. అదొక కొత్త ఇబ్బంది.

దసరా ముందు ఆదివారం డాక్టరు చిగురుని వేలితో నొక్కి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా మెత్తగానే ఉంది బాబాయ్. తొందరపడితే మేకూ పోతుంది, ఎముకా పోతుంది. దీపావళి దాటనివ్వండి."

"మరి నా వేషం?"

"వచ్చే ఏడు."

అప్పలస్వామి కళ్లు తుడుచుకున్నాడు. ఆ వారం వంతు పద్యాన్ని ఏడుపు గొంతుతోనే పాడాడు. ఆఖరి అంకంలోది. డాక్టరు కళ్లు మూసుకుని విన్నాడు.

బయట చిన్నారావు ఎదురయ్యాడు.

"మనిషి దొరికాడు అప్పలస్వామీ. ఏటీ అనుకోకు."

"ఎవుడాడు?"

"తెర లేచాక నువ్వే సూస్తావు గదా."

అప్పలస్వామికి ధైర్యం వచ్చింది. పేరు కూడా చెప్పుకోలేని రాజు ఎంతసేపు నిలుస్తాడు! రెండో పద్యంలో తడబడతాడు. జనం గోల చేస్తారు. అప్పలస్వామీ రా అని వాళ్లే పిలుస్తారు. పళ్లుంటే ఎంత, లేకపోతే ఎంత!

దసరా రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్టేజీ మెట్లకి దగ్గరగా, ముందు వరసలో కూర్చున్నాడు.

"ఆడెవుడో గానీ, నవ్వులపాలైపోతాడు సూడు" అన్నాడు.

"నీ పళ్లకంటేనా?" అంది కనకం.

హార్మోనియం శ్రుతి అందుకుంది. తెర లేచింది.

సింహాసనం ముందు నిలబడి, చెయ్యెత్తి, ఒక్క అక్షరం జారకుండా, అచ్చం అప్పలస్వామి విరుపులతోనే మొదటి పద్యం అందుకున్న మహారాజు డాక్టర్ వేణుగోపాల్.